కాలు చచ్చేదాకా తొక్కడమే వాడి పని

గండం గడిచింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. గడవకముందు రాసి ఉంటే ఇందులో తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మా నాన్న బడి మాన్పించి చింతపండులో గింజ తీసే పనికి కూర్చోబెట్టాడు. పెద్ద మాటలు నా దగ్గర లేవు, ఉన్నవాటితోనే రాస్తాను. మీ ఇంట్లో పందేల్లో సైకిల్ తొక్కే పిల్లలుంటే సగం చదివి పక్కన పెట్టకండి.

మాది లాల్‌దర్వాజా. నా కొడుకు జగదీశ్‌కు ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు, ఎండుమిర్చి దుకాణం ఉంది. వాడి కొడుకు మహేందర్‌కు ఇరవై ఎనిమిదేళ్లు. మహేందర్ ఉద్యోగం సైకిల్ తొక్కడం. మొదట్లో నేను కూడా నమ్మలేదు. సైకిల్ తొక్కితే జీతం పాలవాడికి ఇస్తారు, పేపరు వేసేవాడికి ఇస్తారు. కానీ బయటి దేశపు టీమొకటి వీడికి బట్టలు, బూట్లు, సైకిల్ ఇచ్చి, జీతం కూడా ఇచ్చి, మలేషియాలో, థాయ్‌లాండ్‌లో, ఇంకా నా నోరు తిరగని ఊళ్లలో రోడ్ల మీద పందేలు తొక్కించింది.

మహేందర్ మొదట స్ప్రింటర్. పందెమంతా గుంపులో దాక్కుని, ఆఖరి గీత దగ్గర పడగానే అందరికన్నా ముందు దూకేవాణ్ని అలా అంటారు. చిన్నప్పుడు సిమెంటు ట్రాక్ మీద గెలిచిన కప్పులు మా ఇంట్లో చాలా ఉన్నాయి. ఒకదాంట్లో నేను పసుపు కొమ్ములు పోసుకుంటాను. ఆ ట్రాక్ మీదే యాకుత్‌పురా ఫారూఖ్ వీడికి దోస్తయ్యాడు. ఇద్దరూ కలిసే టీమ్‌లో చేరారు. రెండో ఏడు కోచ్ ఇద్దరినీ తొక్కించి చూసి, ఫారూఖ్‌దే ఎక్కువ వేగమని తేల్చాడు. ఆ రోజు నుంచి మహేందర్ లీడౌట్ అయ్యాడు. అంటే ఆఖరి దూరంలో ఫారూఖ్‌కు ముందుండి గాలిని తన ఒంటి మీదికి తీసుకోవాలి. ఫారూఖ్ వీడి వెనక చక్రానికి అంటుకుని, గాలి తగలకుండా వస్తాడు. గీత కాస్త దూరంలో ఉందనగా వీడు బలమంతా అయిపోయి పక్కకు తప్పుకుంటాడు. వాడు దూకి గెలుస్తాడు.

"దండ వానికి, చెమట నీకు. గిదేం నౌకరిరా?" అని అడిగాను ఒకసారి.

"గట్లనే ఉంటది నానమ్మా. వాడు గెలిస్తే నేను గెలిచినట్టే."

"మరి వాడు తింటే నువ్వు తిన్నట్టేనా? చెప్పు, రేపటి నుంచి నీకు బియ్యం తక్కువ పోస్త."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

బోనాలప్పుడు

పోయినేడు బోనాలకు ఇంటికి వచ్చాడు. సెలవు అన్నాడు గానీ పొద్దున్నే శ్రీశైలం రోడ్డు మీద తొక్కడం మానలేదు. ఎండ ముదిరేలోపు వచ్చేవాడు. ఒక రోజు గడప మీద కూర్చుని ఎడమ బూటు తీసి, పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని పిసుక్కుంటున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం గాలె. కాలు చచ్చింది, అంతే."

"పండుగ పూట చచ్చుడేంది? నోరు మంచిగ పెట్టుకో."

"మా పనిల గట్లనే అంటరు నానమ్మా. ఆఖర్ల కాళ్లు చావాలె. చావకుంటే ఫారూఖ్ కోసం నేను మొత్తం పెట్టలేదన్నట్టు. కాళ్లల్ల ఇంక జాన్ ఉండంగనే పక్కకు తప్పుకున్నోన్ని టీమ్‌ల ఎవ్వడు నమ్మడు."

ఇంతకాలం మా ఇంటిని తిన్న కష్టమంతా ఈ మాటలోనే ఉంది. మామూలు మనిషి కాలు మొద్దుబారితే భయపడతాడు. వీడికి అది పని బాగా చేసినందుకు గుర్తు. ఏడాదిగా ఎడమకాలు అంతకంతకూ తొందరగా మొద్దుబారుతుంటే, తను ఇంకా ఎక్కువ కష్టపడుతున్నాననుకున్నాడు. తొడలో తడి ఇసుక నింపినట్టు అయ్యేదట. పాదం ఎక్కడుందో తెలిసేది కాదట. తొక్కడం ఆపి కాసేపు కూర్చుంటే మళ్లీ మామూలే. మామూలైపోయేది జబ్బెట్లా అవుతుంది అని వాడి వాదన.

నేను వంగి రెండు పాదాలూ పట్టి చూశాను. కుడిది వేడిగా ఉంది. ఎడమది చల్లగా ఉంది. అంత ఎండలో తొక్కి వచ్చిన మనిషి పాదం చల్లగా ఉండడం నాకు నచ్చలేదు. కోడలు అనసూయకు చెబితే గుళ్లో దారం తెచ్చి కట్టింది. జగదీశ్‌కు చెబితే "నడుము వట్టుకున్నదేమో తియ్" అన్నాడు.

వానల్లో

నడుమేనేమో అని నడుము డాక్టర్ దగ్గరికి పోయాం. అక్కడ కుర్చీలన్నీ ఒకదానికొకటి ఇనప కడ్డీతో బిగించి ఉంటాయి. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. వాన నీళ్లు కారే గొడుగులు మూలకు పెట్టి, టీవీలో ఎవరో నవ్వుతుంటే చూస్తూ, పేరు పిలిచేదాకా కూర్చునేవాళ్లం. లోపల మంచం మీద పడుకోబెట్టి, కాలు లేపి, దించి, సుత్తితో తట్టి చూసేవాళ్లు. ఫొటోలు తీశారు. వెన్నుపూసలో కొంచెం తేడా ఉందన్నారు. బెల్టు పెట్టుకోమన్నారు. సూదులు కూడా గుచ్చారు.

డాక్టర్ చెడ్డవాడు కాదు. వీడు మంచం మీద పడుకున్నప్పుడు కాలు బాగానే ఉండేది. బాగున్న కాలును చూసి ఆయన బాగుందన్నాడు. "తొక్కేటప్పుడు ఎట్లుంటది?" అని అడిగితే మావాడు "కొంచెం అలుపు సార్" అనేవాడు. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండేది.

"కొంచెమేందిరా? సగం దాస్తే ఆయనకు కనవడుతదా?"

"నానమ్మా, నువ్వు ఊకో. గీ రిపోర్టు టీమ్‌కు పోతది."

ఇంట్లో రోజూ లొల్లి. జగదీశ్ దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేవాడు. "సైకిల్ పక్కన వెట్టి దుకాణంల కూసో. గంజ్‌ల కాళ్లతోని పనిలేదు" అనేవాడు. మహేందర్ బెల్టు బిగించుకుని మేడ మీదికి పోయేవాడు. అనసూయ ఇద్దరికీ అన్నం పెట్టి, తను తినకుండా పడుకునేది. తినకపోతే మిగిలింది పారేయాలి కదా అని నేను ఆమెను లేపి తినిపించేదాన్ని. ఆ నెలల్లో మా ఇంట్లో ప్రేమగా మాట్లాడుకున్నది తక్కువ.

బెల్టుతోనే మళ్లీ పందేలకు పోయాడు.

దసరా తర్వాత

ఓడి వచ్చారు. ఆఖర్లో మహేందర్ తప్పుకోవాల్సిన చోటుకన్నా ముందే చేతులెత్తేశాడట. ఫారూఖ్ గుంపులో ఇరుక్కుపోయాడట. కోచ్ అందరి ముందు తిట్టాడట. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏం అడిగినా "అలిసిపోయిన" అంటాడు.

నేను యాకుత్‌పురాకు బయల్దేరాను. నడిచే పోయాను, అంత దూరమేమీ కాదు. స్టేషన్ వెనక సందులో ఫారూఖ్ ఇల్లు. వాళ్లమ్మ మంచం దులిపి కూర్చోబెట్టి చాయ్ పెట్టింది. ఫారూఖ్ బనీను మీద చొక్కా వేసుకుంటూ వచ్చాడు.

"అరె దాదీ! ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా?"

"ఫోన్ల నీ మొకం కనవడదు. కూసో. ఇన్నేండ్ల సంది వాని వెనక ఉన్నది నువ్వు. వాని చక్రం, వాని కాళ్లు తప్ప నీకు కనవడేదేమున్నది? ఏం చూసినవ్?"

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. పక్కనే రైలు పోతోంది. అది పోయాక చెప్పాడు.

"ఎడమ మోకాలు బయటికి పోతది దాదీ. ఫుల్ కొట్టినప్పుడే. పాదం పెడల్ మీద ఉత్తగ ఉంటది, తొక్కది. పోయినేడు సంది చూస్తున్న."

"మరెందుకు జెప్పలే?"

"కసం తీస్కున్నడు నాతోని. టీమ్‌కు తెలిస్తే వేరేటోన్ని పెడ్తరు, నా జాన్ మీద ఒట్టు, నోరు తెరవకు అన్నడు."

"జాన్ మీద ఒట్టేసి కాలు పోతుంటే చూస్కుంట కూసున్నవా?"

వాళ్లమ్మ ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫారూఖ్ తల దించుకున్నాడు. తర్వాత వాడన్న మాట నేను ఎదురుచూడలేదు.

"ఒట్టు ఒక్కటే గాదు దాదీ. నాకు గూడ వాడే కావాలె. వేరేటోని వెనక నేను ఎన్నడు గెలవలే."

కొట్టాలనిపించింది. కానీ వాడు అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు, చెప్పలేదు. చాయ్ చల్లారిపోతోందని తాగేశాను.

"రేపు పొద్దున దవాఖానకు రా. గిదే మాట డాక్టర్ ముంగట జెప్పు."

"మహేందర్ ఇగ నాతోని మాట్లాడడు."

"మాట్లాడకుంటే మానె. కాలు నిలవడితె చాలు."

ఈసారి రక్తనాళాల డాక్టర్ దగ్గరికి పోయాం. ఆమె కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మాట మెత్తన. "బామ్మగారూ, మీరు కాస్త బయట కూర్చుంటారా?" అంది.

"బయట కూసుంటే నాకేం దెలుస్తది తల్లీ? ఈడనే మూలకుంట. మాట్లాడ."

ఫారూఖ్ నిలబడి అంతా చెప్పాడు. మహేందర్ వాడి వైపు చూడలేదు. చెప్పింది విని ఆమె, "అయితే పడుకోబెట్టి చూస్తే లాభం లేదండీ. కాలు మొద్దుబారేదాకా ఇక్కడే తొక్కించాలి" అంది. ఫారూఖ్ పోయి మహేందర్ సైకిల్‌ను, దాని కదలని స్టాండుతో సహా తెచ్చాడు. ఆ చిన్న గదిలో తలుపు దగ్గరికేసి, మావాడు పందెంలో తొక్కినట్టే వంగి తొక్కాడు. గోడకున్న క్యాలెండర్ ఊగింది. వాడు పని చేస్తుంటే నేను చూడడం అదే మొదటిసారి. వాడి మొహం నేను గుర్తుపట్టలేదు.

చచ్చింది అనగానే దింపి పడుకోబెట్టి, రెండు చీలమండల దగ్గరా రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న మిషన్ ఆనించారు. కుడివైపు గాలి వీచినట్టు, ఆగి ఆగి చప్పుడు వచ్చింది. ఎడమవైపు ఏమీ రాలేదు. డాక్టరమ్మ మిషన్ జరిపి మళ్లీ పెట్టింది. అప్పుడూ రాలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఏళ్ల తరబడి నడుము వంచి తొక్కడం వల్ల తొడ మొదట్లో పెద్ద రక్తనాళం దళసరెక్కి మడత పడుతోందని చెప్పింది. కోసి బాగుచేయాలంది. అప్పటిదాకా సైకిల్ ముట్టుకోవద్దంది. దీపావళి పోయాక రమ్మంది. బయటికొచ్చాక మహేందర్ ఫారూఖ్‌తో ఒకే మాట అన్నాడు.

"సంపినవ్‌రా నన్ను."

దీపావళి ముందర

వాడు మాట విన్నాడు, సైకిల్ ఎక్కలేదు. అయినా గండం వచ్చింది. పొద్దున మేడ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయి కేక వేశాడు.

"నానమ్మా! కాలు వస్తలేదు."

ఇంతకుముందు ఎన్నిసార్లు పోయినా కాసేపటికి తిరిగొచ్చిన కాలు ఈసారి రాలేదు. పాదం సున్నం వేసిన గోడలా ఉంది. గిల్లితే తెలియడం లేదు. జగదీశ్ దుకాణం ట్రాలీ ఆటోలో, మిర్చి బస్తాల మధ్య వాణ్ని పడుకోబెట్టుకుని పోయాం. వాడు నొప్పికి అరుస్తున్నాడు, మిర్చి ఘాటుకు అందరం దగ్గుతున్నాం.

రక్తం గడ్డకట్టిందన్నారు. "కాలు దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనండీ" అని డాక్టరమ్మ లోపలికి పోయింది.

బయట పెద్ద హాలు. నాతో తెచ్చుకున్న రొట్టెల డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఒక ముసలామె తన చాప సగం నా వైపు జరిపింది. చార్మినార్ వైపు మనిషి. షుగరు వల్ల వాళ్లాయన కాలు అంతకుముందు వారమే మోకాలి కింద తీసేశారట. నా మనవడి సంగతి విని, నా చేయి పట్టుకుని చెవి దగ్గర చెప్పింది.

"అమ్మా, ముందుగాల చెప్తున్న, అప్పటికప్పుడు నీ దిల్ ఆగొద్దని. తీసేస్తే ఆ కాలు గూడ మనకే ఇస్తరు. మూట కట్టి ఇస్తరు. తీసుకునేటందుకు గట్టి మనిషిని ఒకన్ని పెట్టుకో. మా కొడుకు చేతులు వణికి కింద పెట్టిండు, నాకు ఇప్పటికి నిద్ర లేదు."

అలాంటి మాట ఎవరైనా చెప్తారా అని మీరు అనుకోవచ్చు. ఆ హాల్లో నాకు జరిగిన అన్నిటికన్నా పెద్ద మేలు ఆ మాటే. దేవుడున్నాడని చాలామంది చెప్పారు. ఏం చేయాలో ఆమె ఒక్కతే చెప్పింది.

నేను జగదీశ్ వైపు చూశాను. గోడకానుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. అనసూయ కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటోంది. దూరంగా లిఫ్టు పక్కన ఫారూఖ్ నిలబడి ఉన్నాడు. పొద్దున వచ్చినప్పుడే జగదీశ్ "వీని మొకం నాకు చూపియ్యొద్దు. దోస్తు గాదు, దుష్మన్" అని అరిచాడు. వాడు వెళ్లలేదు, దగ్గరికీ రాలేదు.

నేను లేచి పోయాను.

"ఏమన్న తిన్నవా?"

"ఆకలి లేదు దాదీ."

"కూసో. తిను. తిట్టుడున్నది, అది తర్వాత."

జొన్నరొట్టె చేతిలో పెట్టి, ముసలామె చెప్పిన మాట చెప్పాను. "గట్లాంటిది ఏమన్న ఇస్తే వాని బాపుతోని గాదు. నువ్వు తీస్కుంటవా?"

వాడు రొట్టె నములుతున్నవాడల్లా ఆగాడు.

"తీస్కుంట దాదీ."

"కింద పెట్టొద్దు."

"పెట్ట."

సాయంత్రం దాకా తలుపు తెరుచుకున్నప్పుడల్లా వాడు లేచి, చేతులు చొక్కాకు తుడుచుకుని నిలబడ్డాడు. ప్రతిసారీ వేరేవాళ్ల పేరు పిలిచారు. ఆఖరికి డాక్టరమ్మ వచ్చి, రక్తం పారుతోంది, కాలు ఇప్పటికి ఉంది అంది. జగదీశ్ పోయి ఫారూఖ్ పక్కన కూర్చున్నాడు.

ఇప్పటికి అన్న మాట ఊరికే అనలేదు. కాలు ఉబ్బి, రెండు పక్కలా మళ్లీ కోసి, కుట్టకుండా వదలాల్సి వచ్చింది. బయట టపాకాయలు పేలుతుంటే మేం వంతులు వేసుకుని వాడి వేళ్లు పట్టుకుని కూర్చున్నాం. వేలు వెచ్చగా ఉందా? రంగు ఎట్లుంది? ఒక నర్సు బిడ్డ తన డ్యూటీ అయిపోయాక కూడా వచ్చి ముట్టుకుని చూసి పోయేది. పండుగ నాడు వాళ్లింట్లో చేసిన గారెలు తెచ్చింది. నేను డబ్బా కడిగి ఇచ్చాను, ఖాళీగా ఇవ్వలేక అందులో చింతపండు పెట్టాను.

చలికాలం నుంచి ఉగాది దాకా

నడక మళ్లీ నేర్చుకున్నాడు. పాదం ముందు భాగం సరిగ్గా లేవదు. రెండు వేళ్లకు స్పర్శ లేదు. గోడ పట్టుకుని నడుస్తూ పడితే లేపబోయిన అనసూయను ఆపాను. అందుకు ఆమె నాతో చాలా రోజులు మాట్లాడలేదు. టీమ్‌వాళ్లు ఒప్పందం అయిపోయిందని కబురు పెట్టి, ధన్యవాదాలంటూ ఒక ఫొటో పంపారు. అందులో ఫారూఖ్ చేతులెత్తి గీత దాటుతున్నాడు. వెనక, మూలన, తల వంచుకుని ఒక మనిషి మసకగా ఉన్నాడు. అది మావాడని చెబితేనే తెలిసింది.

అయినా వాడికి ఆశ పోలేదు. కాలు నిలబడింది కాబట్టి పందెం కూడా వస్తుందనుకున్నాడు. ఉగాది ముందు డాక్టరమ్మ మళ్లీ సైకిల్ ఎక్కించి తొక్కించింది. మెల్లగా తొక్కినప్పుడు ఎడమవైపు మిషన్‌లో చప్పుడు మంచిగా వచ్చింది. గట్టిగా తొక్కాక బాగా పలచబడింది.

"బాబూ, నడవండి. మార్కెట్‌కు సైకిల్ మీద వెళ్లండి. పందెం మాత్రం వద్దు. ఇంకోసారి గడ్డకడితే నేను కాపాడలేను" అంది.

"కొంచెం తక్కువ తొక్కితే మేడమ్? ముందల ఉండి, చివరిదాకా పోకుండ?"

"మీ పనిలో తక్కువ తొక్కడం ఉంటుందా?"

వాడు లేచి బూట్లు వేసుకున్నాడు. కిందికి దిగేటప్పుడు నేను చేయి పట్టుకోబోతే విడిపించుకున్నాడు. ఇంటికి వచ్చి చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఓదార్చడం నాకు రాదు. మిర్చి తొడిమలు తీయమని ముందు పోశాను. తీశాడు.

ఇప్పుడు

ఫారూఖ్ వేరే టీమ్‌లో తొక్కుతున్నాడు. ఇంకా ఒక్కటీ గెలవలేదు. వాడికి ముందు తొక్కడానికి కరీంనగర్ మనిషినొకణ్ని పెట్టారు. పోయిన వారం ఫారూఖే ఫోన్ చేసి, వీనికి పని జరంత చెప్పరా అని ఆ మనిషికి ఫోనిచ్చాడు. ఇద్దరి మధ్యా నెలల తర్వాత నడిచిన మొదటి మాట అది. మహేందర్ ఫోన్ అందరికీ వినబడేలా గట్టిగా పెట్టి తొడిమలు తీస్తూనే చెప్పాడు. మలుపులో ఎటువైపు ఉండాలి, గాలి పక్క నుంచి వస్తే ఏం చేయాలి, ఎప్పుడు తప్పుకోవాలి. బాగా చెప్పాడు. వాడి గొంతులో అంత ప్రాణం నేను ఆ నెలల్లో వినలేదు.

"ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అన్నాడు అవతలి మనిషి.

మహేందర్ తన చేతిలోని మిర్చి కింద పెట్టేశాడు.

"ఒక కాలు చల్లవడితే, రెండో దానికన్న ముందుగాల మొద్దువారితే ఆగిపో. తొక్కకు. దాపెట్టకు. అందరికి చెప్పు."

"పందెం నడుమనా?"

"నడుమనే."

"గీత ముంగట ఆగితే ఫారూఖ్ భాయ్ ఓడిపోతడు గదన్నా?"

అవతల ఫారూఖ్ కూడా వింటున్నాడని మాకు తెలుసు. మహేందర్ ఫోన్ దగ్గరికి వంగి, ఒక్కో అక్షరం నొక్కి చెప్పాడు.

"ఓడిపోనియ్."